ఇంజిన్ దింపే ముందు ఆయిల్ చూడరా

విజయవాడ,
ఆదివారం

చిరంజీవి చిన్నాను మీ పెదనాన్న ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. నువ్వూ క్షేమమే అనుకుంటుండగా మీ అమ్మ ఫోను చేసింది. బండి ఇంజిన్లోంచి గలగలమని చప్పుడు వస్తోందట. కొండాపూర్‌లో ఎవరో మెకానిక్ బోనెట్ ఇలా ఎత్తి అలా దించి, "ఇంజిన్ దింపాలి సార్" అన్నాడట. నువ్వు ఆఫీసులో కూర్చునే లోను యాప్ తెరిచావట. అంతకంటే ఘోరం, చప్పుడు వినపడకుండా పాటల సౌండు పెంచుకుని తిరుగుతున్నావట. ఈ చివరి మాట విన్న దగ్గర్నుంచి మీ పెదనాన్న కంటి మీద కునుకు లేదు.

లోను సంగతి తర్వాత. ముందు పాటలు ఆపు.

ఏ చప్పుడైనా ఎప్పుడు వస్తుందో తెలిస్తే సగం రోగం పట్టుబడినట్టే. మీ ఆఫీసులో ప్రోగ్రాంలో తప్పు దొర్లితే, అది ఏ బటన్ నొక్కినప్పుడు వస్తోందో కనిపెట్టకుండా కోడంతా చెరిపి మళ్లీ రాయరు కదా! చప్పుడు వినకుండా ఇంజిన్ దింపడమూ అంతే. పొద్దున్న తొలిసారి స్టార్ట్ చేసినప్పుడు వస్తోందా, వేడెక్కాక వస్తోందా? ఏసీ వేస్తే పెరుగుతోందా? నిలబడి రేస్ ఇస్తే వస్తోందా, బండి కదిలితేనే వస్తోందా? మీ అమ్మ వీటిలో ఒక్కటీ చెప్పలేకపోయింది. ఆవిడ తప్పు లేదు, నువ్వు ఆవిడకు చెప్పిందే "సౌండ్ వస్తోంది" అని.

మీ తాతగారి అంబాసిడర్‌లో శ్రీశైలం వెళ్లిన కథ నీకు తెలుసు గానీ, దోర్నాల ముక్క తెలియదు. వినుకొండ దాటిన దగ్గర్నుంచి దడదడమని ఒకటే మోత. బేరింగు పోయిందన్నాడు మీ తాత. దేవుడికి మొక్కు బాకీ పడిందంది మీ నాయనమ్మ. దోర్నాలలో ఒక ముసలి మెకానిక్ దొరికాడు. స్పానర్ ముట్టుకోలేదు. పక్కన కూర్చుని బండిని తిన్నగా పోనిమ్మన్నాడు, తర్వాత అటూ ఇటూ తిప్పమన్నాడు. ఏ గేరులో ఉన్నా మలుపులోనే మోగుతోంది, తిన్నగా పోతే నోరు మెదపదు. ఇంజిన్ చప్పుడైతే ఇంజిన్ వేగంతో పెరగాలి, తరగాలి, మలుపులతో దానికేం పని? డిక్కీ తెరిపించాడు. పరుపుచుట్ట వెనక నాయనమ్మ మరచెంబు దొర్లుతోంది! డబ్బులిస్తే తీసుకోలేదు, పులిహోర మాత్రం ఆకు నిండా పెట్టించుకున్నాడు. ఆ పులిహోర రుచి మళ్లీ ఎక్కడా తగల్లేదు. నువ్వు ఈ మధ్య రాత్రిళ్లు తింటున్నావా, లేక బిస్కెట్లతోనే సరిపెడుతున్నావా? మీ అమ్మ అడిగితే తిన్నాననే అంటావు. పెదనాన్నకు నిజం చెప్పు.

సరే, విషయానికి వద్దాం. పొద్దున్న తాళం తిప్పగానే గలగలమని, రెండు మూడు సెకన్లలో సర్దుకుంటే మొదట అనుమానించాల్సింది టైమింగ్ చెయిన్‌ని. చెయిన్ ఉన్న చాలా ఇంజిన్లలో దాన్ని వదులు కాకుండా పట్టి ఉంచేది టెన్షనర్, ఆ టెన్షనర్‌ను తోసి ఉంచేది ఆయిల్ ప్రెషర్. రాత్రంతా బండి ఆగితే ఆయిల్ కిందికి జారుతుంది. పంపు మళ్లీ పైకి ఎక్కించేదాకా చెయిన్ కాస్త కొట్టుకుంటుంది. కొన్ని ఆయిల్ ఫిల్టర్లలో ఆయిల్ వెనక్కి జారకుండా ఆపే రబ్బరు వాల్వు ఉంటుంది. చౌకరకం ఫిల్టర్లలో అది తొందరగా గట్టిపడిపోతుంది. కాబట్టి రాణిగంజ్‌లో నాలుగు రూపాయలు తగ్గిందని ఊరూ పేరూ లేని ఫిల్టర్ కొనకు. వేడెక్కాక కూడా గలగల ఆగకపోతే చెయిన్ సాగిందనో, టెన్షనర్ అరిగిందనో అనుకోవచ్చు. అప్పటికీ మార్చాల్సింది చెయిన్ కిట్టే. బోర్ కొట్టించి పిస్టన్లు మార్చాల్సిన పని లేదు.

ఇంతకీ, ఆయిల్ చూశావా?

చూసి ఉండవు. పెదనాన్నకు తెలుసు. హైటెక్ సిటీలో ఎవరూ చూడరు. సర్వీసింగ్‌కి ఇచ్చినప్పుడు వాళ్లే చూస్తారని నమ్మకం. డిప్‌స్టిక్ అనే వస్తువు బోనెట్ కింద ఉంటుందనీ, దాని పిడి పసుపురంగులోనో నారింజరంగులోనో నీకోసమే మెరుస్తుంటుందనీ తెలియకుండానే ఉద్యోగాల్లో ప్రమోషన్లు కూడా వచ్చేస్తున్నాయి! బండిని సమతలంగా ఉన్న చోట ఆపు. సెల్లార్ ర్యాంపు మీద కాదు, వాలులో గీత తప్పు చూపిస్తుంది. ఇంజిన్ ఆపి పది నిమిషాలు ఆగు, ఆయిల్ అంతా కింది సంపులోకి దిగాలి. స్టిక్ లాగి, నూగు రాలని గుడ్డతో తుడిచి, పూర్తిగా లోపలికి దించి మళ్లీ తియ్యి. రెండు వైపులా చూడు. కింది గీతకీ పై గీతకీ మధ్యన ఉండాలి. చాలా బండ్లలో ఆ రెండు గీతల మధ్య తేడా దాదాపు లీటరు. కింది గీత కంటే దిగితే, ర్యాంపు ఎక్కేటప్పుడో మలుపులోనో పంపు ఆయిల్‌కి బదులు గాలి పీలుస్తుంది. అప్పుడు చెయిన్ మోగుతుంది, ట్యాపెట్లు టకటకలాడతాయి, ఆఖరికి బేరింగులే పోతాయి. అలాగని పై గీత దాటించి పోయకు. క్రాంకు దాన్ని చిలికి నురగ చేస్తుంది. నల్లగా ఉందని కంగారు పడకు, నలుపు సహజం. పాలు కలిసినట్టు తెల్లగా ఉంటే మాత్రం కూలెంట్ నీళ్లు చేరుతున్నాయేమో చూపించాలి.

డాష్‌బోర్డు మీద ఎర్ర ఆయిల్ లైటు వెలగలేదు కదా అంటావు. ఆ లైటు చాలా బండ్లలో ఆయిల్ ఎంత ఉందో చెప్పదురా, ప్రెషర్ పడిపోయిందని చెబుతుంది. అది వెలిగేసరికి ఇంజిన్‌కి ఊపిరాడటం లేదన్నమాట. వెలిగితే బయోడైవర్సిటీ ఫ్లైఓవర్ మీదున్నా సరే, పక్కకి తీసి వెంటనే ఇంజిన్ ఆపెయ్యి. వెనకవాళ్లు హారన్లు కొడితే కొట్టనీ.

పైగా మీ ఏరియా సంగతి వేరు. 1998 నవంబరు 22న వాజ్‌పేయి సైబర్ టవర్స్ ప్రారంభించేనాటికి దాని చుట్టూ బండరాళ్లు, పొదలే ఎక్కువ. ఇప్పుడు ఫ్లైఓవర్లు కట్టారు, అండర్‌పాస్‌లు తవ్వారు, 2020లో దుర్గం చెరువు మీద తీగల వంతెన వేశారు. సాయంత్రం ఆరింటికి మైండ్‌స్పేస్ దగ్గర బండి మాత్రం కదలదు. బండి కదలకపోయినా ఇంజిన్ తిరుగుతూనే ఉంటుంది, మీటరు అది లెక్కపెట్టదు. గంటకు 50 కిలోమీటర్ల సగటున 10,000 కిలోమీటర్లు తిరిగితే ఇంజిన్ పనిచేసింది 200 గంటలు. 10 కిలోమీటర్ల సగటున అయితే 1,000 గంటలు. మీటరు చూసి "ఇంకా కిలోమీటర్లు కాలేదు" అని ఆయిల్ మార్చకపోవడం అందుకే పనికిరాదు. కిలోమీటర్లు కాకపోయినా ఏడాదికోసారి మార్చాల్సిందే. వీలైన రోజున రాయదుర్గం మెట్రో ఎక్కు. బండికీ మంచిది, నీ నడుముకీ మంచిది.

ఆయిల్ సరిగ్గా ఉంటే రేకుల పని పట్టు. సైలెన్సర్ వేడి పైకి తగలకుండా దాని మీద పల్చటి రేకు కప్పు ఉంటుంది, హీట్ షీల్డ్ అంటారు. దాని బోల్టులు తుప్పు పడితే బండి నిలబడి ఉన్నప్పుడు చిర్రుమని మోగుతుంది, కాస్త రేస్ ఇస్తే ఆగిపోతుంది. లోపలేదో విరిగిందని జనం అనుకునే చప్పుళ్లలో ఇదీ ఒకటి. బండి పూర్తిగా చల్లారాక సైలెన్సర్‌ను పిడికిలితో తట్టు, అదే చప్పుడు వినిపిస్తే దొంగ దొరికినట్టే. ఒక క్లాంపు బిగిస్తే సరి. పీకి పారేయమనేవాడి మాట వినకు, ఆ రేకు ఉన్నది వేడిని ఆపడానికి.

తర్వాత ఏసీ. ఏసీ ఆపగానే చప్పుడు ఆగితే కంప్రెసర్ వైపు చూడాలి, లేదా బెల్టు తిరిగే పుల్లీల బేరింగు. మీ నాన్న 2011లో ఇష్టపడి కొన్న ఆ మూడు సిలిండర్ల బండికి పుట్టుకతోనే కాస్త వణుకు ఉంటుంది. మెకానిక్కులు ఫౌండేషన్ అనే రబ్బరు మౌంటింగులు చిట్లితే ఆ వణుకంతా బాడీకెక్కుతుంది. బెల్టు దగ్గర చెవి పెట్టి వినాలనుకుంటే ముందు మెడలో ఉన్న ఐడీ కార్డు తీసి జేబులో పెట్టుకో. ఆ నైలాను తాడు తిరిగే బెల్టులో పడితే నీ మెడ ఇంజిన్లోకి పోతుంది. రేడియేటర్ ఫ్యాన్ కొన్ని బండ్లలో ఇంజిన్ ఆపినా తిరగొచ్చు, అక్కడ చెయ్యి పెట్టకు. ఆటోనగర్ మేస్త్రీలు పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజిన్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వినేవాళ్లు. నువ్వు ఆ సాహసం చెయ్యకు. నీకు చెవులు, వేళ్లు ఉండటం మాకు ముఖ్యం.

ఎత్తు ఎక్కేటప్పుడు, పెద్ద గేరులో యాక్సిలరేటర్ తొక్కినప్పుడు మాత్రమే టింగు టింగుమంటే అది నాకింగ్. గేరు తగ్గించు. తగ్గకపోతే స్పార్క్ ప్లగ్గులు, సెన్సర్లు చూపించు. ఈ నాకింగ్ గొడవకి వందేళ్ల చరిత్ర ఉంది. అమెరికాలో కెటరింగ్ అనే ఇంజినీరు బ్యాటరీ ఇగ్నిషన్ తెచ్చినప్పుడు ఇంజిన్ల నాకింగ్‌కి అదే కారణమని నింద వేశారు. తీరా తప్పు పెట్రోల్‌ది. ఆయన దగ్గర పనిచేసే మిడ్జ్‌లీ 1921 డిసెంబరులో పెట్రోల్లో సీసం కలిపితే చప్పుడు ఆగుతుందని కనిపెట్టాడు. చప్పుడైతే ఆగింది గానీ, సీసం గాల్లో కలిసి ప్రపంచమంతటా పిల్లల రక్తంలోకి చేరింది. మన దేశంలో సీసం పెట్రోలు ఆగింది 2000 ఫిబ్రవరిలో. చివరగా అల్జీరియా ఆపింది 2021లో. చప్పుడు నొక్కెయ్యడం వేరు, జబ్బు నయం చెయ్యడం వేరు. నీ పాటల సౌండు గుర్తొస్తోందా?

ఇథనాల్ పెట్రోలు వల్లే చప్పుడని మీ ఆఫీసులో అంటున్నారట. ఇథనాల్‌కి ఆక్టేన్ ఎక్కువ, అది నాకింగ్‌ను తగ్గించేదే గానీ పెంచేది కాదు. మైలేజీ కాస్త తగ్గుతుంది. పాత బండ్ల రబ్బరు పైపుల సంగతి ఎటూ చూపించుకోవాల్సిందే.

ఇంజిన్ అడుగునుంచి ఢబ్ ఢబ్ అని బరువుగా కొడుతూ, తొక్కినకొద్దీ పెరిగితే మాత్రం బండి కదపకు, లాగించుకుని వెళ్లు. అప్పుడు ఆ మెకానిక్ మాట నిజం కావచ్చు, ఇంజిన్ దింపాల్సే రావచ్చు.

ఇంకో మాట. బండికి పదిహేనేళ్లు నిండితే ఆర్‌సీ రెన్యువల్‌కు ఫిట్‌నెస్ చూపించాలి, ఆపైన ఐదేళ్లకోసారి. ఈలోగా ఆంధ్రప్రదేశ్ విడిపోయి నంబరు ప్లేట్ల మీద టీఎస్ వచ్చింది, 2024లో టీజీ అయింది. ఆ బండి ఇంకా ఏపీ 28 ప్లేటుతోనే తిరుగుతోంది. ఈ తంటాలన్నీ ఎందుకని అమ్మేస్తే అమ్మెయ్యి, పెదనాన్న అడ్డు చెప్పడు. ఆ స్టీరింగ్ మీద నీకు డ్రైవింగ్ నేర్పిన చేతులు ఎవరివో నీకు చెప్పాలా? అమ్మితే బాగు చేయించి అమ్ము.

వచ్చే ఆదివారం పొద్దున్న ఆయిల్ చూడు. తర్వాత బండి బయట స్టార్ట్ చేసి (సెల్లార్లో అయితే అంతా మారుమోగి ఏదీ తెలియదు), మొదటి నిమిషం చప్పుడు ఫోనులో రికార్డు చేసి పంపు. డిప్‌స్టిక్ ఫోటో కూడా పంపు, రెండు వైపులా. అప్పటిదాకా ఆ లోనుకి ఒప్పుకోకు. చప్పుడు ఏ భాగంలోంచి వస్తోందో వేలు పెట్టి చూపించిన మెకానిక్కుకే బండి ఇవ్వు, మార్చిన పాత సామాను అడిగి తీసుకో.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న