కాగితపు లాంచీ చేద్దాం, తూకం చూద్దాం

కాగితం పడవ అనగానే వాన వెలిశాక చూరు నీళ్ళలో వదిలేదే గుర్తొస్తుంది. ఇది అది కాదు. నిజం పడవ కొలతల్ని లెక్క ప్రకారం తగ్గించి, ముక్కలు గీసి, కత్తిరించి, అంటించి చేసే నమూనా. జర్మనీ, పోలండు దేశాల్లో ఈ ముక్కలన్నీ అచ్చువేసిన అట్టలే అమ్ముతారు. పోలండులో 1957లో ఇందుకోసం ఒక పత్రికే మొదలుపెట్టారు. యుద్ధనౌకలే కాదు, ఓడల్ని లాగే టగ్గులు, చేపల ఓడలు, ఇసుక తోడే డ్రెడ్జర్లు కూడా చేస్తారు. నన్నడిగితే ఈ పని చేసే ఓడలే మేలు. వాటిలో ఉత్త సోకు ఉండదు, ప్రతి ముక్కకూ ఒక పని ఉంటుంది.

మనకు అచ్చు అట్టలు దొరకవు కాబట్టి మనమే గీసుకుందాం. ఒకప్పుడు ఆత్రేయపురం మండలంలోని లొల్ల లాకుల గుండా సరుకు పడవలు తిరిగేవి. మన నమూనా అదే.

ముందు ఆ పడవకు ఆ ఆకారం ఎందుకొచ్చిందో తెలుసుకోవాలి. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర 1847 నుంచి 1852 వరకు ఆనకట్ట కట్టించాడు. దాని కాలువలు పొలాలకే కాదు, పడవలకు కూడా. మధ్య డెల్టా కాలువ బొబ్బర్లంక దగ్గర మొదలై లొల్ల దగ్గర పాయలుగా చీలుతుంది. కాలువ నీటిమట్టం ఒక్కసారిగా దిగే చోట లాకు కడతారు. అంటే రెండు తలుపుల మధ్య ఒక నీటి గది. పడవ గదిలోకి వచ్చాక వెనక తలుపు మూసి నీళ్ళు మెల్లగా వదులుతారు. నీళ్ళతోపాటు పడవా దిగుతుంది. అప్పుడు ముందు తలుపు తీస్తారు. పైకి వెళ్ళాలంటే ఇదే పని తిరగేసి చేస్తారు. ధాన్యం, కొబ్బరికాయలు ఇలాగే వెళ్ళేవి. గాలి లేనప్పుడు గట్టు మీద మనుషులు తాడుతో లాగేవారు.

ఇక్కడే ఒక కిటుకుంది. లాకు గది ఎంత వెడల్పో పడవ అంతలోపే ఉండాలి. కాలువ లోతు తక్కువ కాబట్టి అడుగు బల్లపరుపుగా ఉండాలి. సరుకంతా అడుగునే వేస్తారు కాబట్టి అది నిలకడగా పోతుంది. అదే పడవకు మీద గది కట్టి, కప్పు మీద జనాన్ని ఎక్కిస్తే ఏమవుతుందో నమూనాతోనే చూద్దాం.

కొలత 1:50. అంటే 15 మీటర్ల పడవ మనకు 30 సెంటీమీటర్లు అవుతుంది. వెడల్పు 8, ఎత్తు 3. పాత శుభలేఖలు రెండేసి కలిపి అంటిస్తే మంచి అట్ట తయారవుతుంది. అడుగు ముక్క 30 పొడవు, 8 వెడల్పు గీసి, రెండు చివర్లా 6 సెంటీమీటర్ల మేర మొనలా కొయ్యాలి. పక్క పట్టీలు రెండు, ఒక్కొక్కటి 34 పొడవు తీసుకుని మిగిలింది కోసెయ్యండి. మధ్యలో మూడు అడ్డపలకలు పెట్టాలి. ఇవి లేకపోతే నీళ్ళలో పెట్టగానే పక్కలు లోపలికి నొక్కుకుపోతాయి. మడత పెట్టే చోట సిరా అయిపోయిన రీఫిల్లుతో స్కేలు వెంబడి గట్టిగా గీస్తే మడత వంకర పోదు.

మైదా జిగురు నీటికి ఊడిపోతుంది. కాబట్టి బాగా ఎండాక లోపలా బయటా కొవ్వొత్తి మైనం కరిగించి పూయాలి. అతుకుల దగ్గర రెండుసార్లు. (మైనం కరిగించేటప్పుడు పెద్దవాళ్ళెవరైనా దగ్గరుండాలి.)

మీద గది వేరుగా 16 పొడవు, 8 వెడల్పు, 4 ఎత్తు చేసుకోండి. తీసి పెట్టుకునేలా ఉండాలి. కప్పు అంచుకి చిన్న గోడ కట్టండి. ఇంజను పొగగొట్టానికి కాగితాన్ని ఆత్రేయపురం పూతరేకులా చుట్టాలి. రేకు ఒక్కటే పట్టుకుంటే విరుగుతుంది, చుడితే నిలుస్తుంది. కాగితం కూడా అంతే. పైగా కాగితం ఒక వైపుకి సులువుగా చుట్టుకుంటుంది, రెండో వైపుకి మొరాయిస్తుంది. ముందే వంచి చూసుకోండి.

ఇక అసలు పరీక్ష. వంటగది తక్కెడలో పావుకిలో గులకరాళ్ళు తూచుకోండి. వార్డెను గారు దయతలచి పెద్ద బేసిను ఇప్పిస్తే మంచిది. అన్ని రాళ్ళూ అడుగున సర్దితే పడవ సుమారు సెంటీమీటరున్నర మునుగుతుంది. వేలితో పక్కకు నొక్కి వదిలితే తిరిగి లేస్తుంది. ఇప్పుడు ఒక్కొక్క రాయినీ కప్పు మీదికి మార్చండి. బరువు మారలేదు, మునిగే లోతూ మారలేదు. కానీ ఊపు మెల్లగా, బద్ధకంగా మారుతుంది. సుమారు సగం రాళ్ళు పైకి వెళ్ళేసరికి పడవ వాలి, మళ్ళీ లేవదు. మన భౌతికశాస్త్రంలో చెప్పే గరిమనాభి పైకి జరగడం అంటే ఇదే. "ఎంత బరువు" అన్నదొక్కటే కాదు, "ఎక్కడ బరువు" అన్నది కూడా చూడాలి.

ఇంకో రెండు పరీక్షలు చేయండి. కొన్ని రాళ్ళు పైన ఉండగా పక్కనుంచి విసనకర్రతో విసరండి. గది గోడ తెరచాపలా గాలిని పట్టుకుంటుంది. తర్వాత రాళ్ళు కింద ఉంచి లోపల నాలుగు చెంచాల నీళ్ళు పోయండి. పడవ ఎటు వాలితే నీళ్ళూ అటే పరుగెత్తి ఇంకా వాలుస్తాయి.

ఈ పాఠం మన ఏజెన్సీకి దూరం కాదు. గోదావరి ఒడ్డు ఊళ్ళకు ఎంతోకాలం లాంచీయే బస్సు. 2018 మే 15న దేవీపట్నం మండలంలో మంటూరు దగ్గర గాలివానకు లాంచీ మునిగి మన కొండ ఊళ్ళవాళ్ళు చనిపోయారు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర వరద నీటిలో పర్యాటకుల బోటు బోల్తాపడింది. రెండింటి కారణాలూ ఒకటి కావు. అయినా లాంచీ ఊగినప్పుడు అందరూ లేచి ఒకే పక్కకు పరుగెత్తితే ఏమవుతుందో, రాళ్ళన్నీ కప్పు మీద ఒక మూలకు జరిపి చూడండి. లెక్క పెట్టేలోపే అయిపోతుంది.

రంగు వేసేటప్పుడు ఒక పని మరవకండి. పావుకిలో రాళ్ళు అడుగున వేసి నీళ్ళలో పెట్టి, నీరు తాకిన చోట చుట్టూ పెన్సిలు గుర్తు పెట్టుకోండి. ఆరాక దానిమీద తెల్లగీత గీయండి. నిజం ఓడలకూ ఇలాంటి బరువు గీత ఉంటుంది. గీత మునిగిందంటే సరుకు ఎక్కువైనట్టే. పైబరువు సంగతి మాత్రం గీత చెప్పదు, అది వేలితో ఊపి చూసుకోవలసిందే.