నాన్నగారి పద్మిని మళ్లీ రోడ్డెక్కాలంటే

ప్రశ్న: మా నాన్నగారి 1982 నాటి ప్రీమియర్ పద్మిని రెండేళ్లుగా షెడ్డులోనే ఉంది. కొత్త బ్యాటరీ వేసి స్టార్ట్ చేయొచ్చా? దీన్ని వింటేజ్ కారుగా రిజిస్టర్ చేయించవచ్చా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: తొందరపడి సెల్ఫ్ కొట్టకండి. స్పార్క్ ప్లగ్గులు విప్పి, ఒక్కో సిలిండర్‌లో కాస్త ఇంజిన్ ఆయిల్ పోసి ఒక రాత్రి వదిలేయండి. మర్నాడు నాలుగో గేర్లో పెట్టి కారును మెల్లగా ముందుకూ వెనక్కూ తోయండి. ఇంజిన్ తిరిగితే సగం గండం గడిచినట్టే. ట్యాంకులోని పాత పెట్రోలు తీసేసి, కార్బురేటర్ శుభ్రం చేయించండి. ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ కలుస్తోంది. ఆ కాలపు రబ్బరు దానికి తట్టుకోదు. కాబట్టి పైపులు, ఫ్యూయల్ పంపు డయాఫ్రమ్ మార్పించాల్సిందే.

ఇంజిన్ కంటే నాకు బ్రేకుల మీదే అనుమానం ఎక్కువ. నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. లోపలి వీల్ సిలిండర్ల రబ్బర్లు ఎండిపోయి ఉంటాయి. అవి మార్చి, కొత్త బ్రేక్ ఆయిల్ పోసేదాకా వీధిలోకి తీయొద్దు. టైర్లకు గాట్లు ఎంత ఉన్నా, వయసు మళ్లితే పక్కన పడేయండి.

వింటేజ్ గుర్తింపుకు తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటాలి, మీకు ఇంకా టైముంది. పైగా వింటేజ్ నంబరుతో రోజూ తిప్పడం కుదరదు. మామూలు రిజిస్ట్రేషన్‌నే ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోండి. షెడ్డులో ప్లాస్టిక్ కవరు మాత్రం వద్దు. గోదావరి గాలికి లోపల చెమ్మ చేరి తుప్పు పట్టిస్తుంది, నూలు గుడ్డ కప్పండి.