బలవంతపు ప్రేక్షకుడు

సినిమా నచ్చకపోవడం పెద్ద విశేషం కాదు. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అన్నారు. ఒకడికి కన్నీళ్లు తెప్పించిన సినిమా పక్కవాడికి ఆవలింతలు తెప్పిస్తుంది. నచ్చనివాడు లేచి బయటికి పోతే కథ అక్కడితో సరి. లేచిపోయే వీలు లేనప్పుడే అసలు చిక్కు. చట్టమో, ప్రయాణమో, పెట్టిన డబ్బో, పెద్దల మాటో, హాజరు పట్టీయో ఏదో ఒకటి మనిషిని కుర్చీకి కట్టేస్తుంది. అలా కూర్చున్నవాణ్ణి ఈ వ్యాసంలో 'బలవంతపు ప్రేక్షకుడు' అని పిలుచుకుందాం.

ఏ సినిమా మంచిది, ఏది చెత్త అనే చర్చ మనం క్యాంటీన్లోనూ చేస్తాం, పత్రికల్లోనూ చేస్తాం. ఎవరు ఎవరికి చూపించాలి, చూడనన్నవాడి గతేమిటి అనే చర్చ మాత్రం అరుదు. సినిమా గుణదోషాలను పక్కన పెట్టి, ఈ రెండో ప్రశ్నను పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

రెండు వేల అడుగులు

మన దేశంలో బలవంతపు ప్రేక్షకుణ్ణి చట్టబద్ధంగా తయారుచేసింది బ్రిటిష్ ప్రభుత్వం. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా 1943లో 'ఇన్ఫర్మేషన్ ఫిలిమ్స్ ఆఫ్ ఇండియా' అనే సంస్థను పెట్టి యుద్ధ ప్రచార చిత్రాలు తీయించింది. భారత రక్షణ నిబంధనల కింద ప్రతి హాలూ ప్రభుత్వం ఆమోదించిన చిత్రాలను విధిగా వెయ్యాలని ఉత్తర్వు చేసింది. యుద్ధం అయిపోయింది. 1946లో ఆ సంస్థ మూతపడింది. స్వాతంత్ర్యం వచ్చాక 1948లో ఫిలిమ్స్ డివిజన్ పుట్టింది. దొరలు పోయారు గాని పద్ధతి పోలేదు. హాలుకు లైసెన్సు కావాలంటే అసలు సినిమాకు ముందు ప్రభుత్వ చిత్రం వెయ్యాలి. ఆ ఫిల్ముకు అద్దె కూడా హాలువాడే కట్టుకోవాలి.

ఈ ఉత్తర్వుల్లో తరచు కనిపించే లెక్క రెండు వేల అడుగులు. ముప్ఫై అయిదు మిల్లీమీటర్ల ఫిల్ము నిమిషానికి తొంభై అడుగులు నడుస్తుంది. అంటే సుమారు ఇరవై రెండు నిమిషాలు. ఆనకట్టలు, వరదలు, విదేశీ అతిథులు, విమానం దిగే మంత్రులు, క్రికెట్టు - ఇదీ న్యూస్ రీలు సరుకు.

మన పెద్దల్ని అడిగితే దీనికి జనం కనిపెట్టిన విరుగుడు చెబుతారు. "న్యూస్ రీలు అయ్యాక పోదాంలే" అని బయట సోడా తాగుతూ నిలబడేవారు. నేల టికెట్టువాడు మాత్రం చోటు పోతుందని ముందే పోయి కూర్చునేవాడు. చట్టం అందరికీ ఒక్కటే అయినా, దాని భారం ఎక్కువగా పడింది చోటు ఖాయంగా లేనివాడి మీదే. ఈ మాట గుర్తుంచుకోదగ్గది. బలవంతం ఎప్పుడూ అందరి మీదా సమానంగా పడదు. తప్పుకునే స్తోమత ఉన్నవాడు తప్పుకుంటాడు.

ఏ మాటకా మాటే చెప్పుకోవాలి. ఈ పద్ధతి వల్ల మేలు జరగలేదనడం అన్యాయం. అక్షరం రాని లక్షలాది మంది తమ దేశం రూపురేఖలను కొంతవరకు ఆ తెరమీదే చూశారు. సుఖ్‌దేవ్, ప్రమోద్ పతి, ఎస్.ఎన్.ఎస్. శాస్త్రి వంటి దర్శకులు ఫిలిమ్స్ డివిజన్ నీడలోనే కొత్త ప్రయోగాలు చేశారు. 1947లో పుట్టి ఇరవై ఏళ్లు నిండిన యువతీ యువకులను పలకరిస్తూ శాస్త్రి 1967లో తీసిన 'ఐ యామ్ ట్వంటీ' నేటి విద్యార్థి కూడా చూడదగ్గ చిత్రం. అందులో కుర్రవాళ్లు దేశాన్ని పొగిడినంత తేలిగ్గా నిలదీస్తారు కూడా.

అయితే అదే యంత్రం 1975-77 ఎమర్జెన్సీలో ఇరవై సూత్రాల కార్యక్రమానికి బాకా ఊదింది. చూపించేవాడు మంచివాడైతే మంచి చిత్రం, కానివాడైతే కాని చిత్రం. చూసేవాడికి రెండు సందర్భాల్లోనూ ఎంపిక లేదు. ఒక ఏర్పాటు మంచిదా కాదా అని తేల్చేటప్పుడు, అది మంచివాళ్ల చేతుల్లో ఎలా ఉందన్నది చాలదు. ఎవరి చేతిలోనైనా ఎలా ఉంటుందో చూడాలి.

న్యాయస్థానాల మాట

ఈ నిర్బంధాన్ని మొదట్లోనే ప్రశ్నించినవాడు తంజావూరు జిల్లాకు చెందిన ఒక హాలు యజమాని. శేషాద్రి కేసుగా పేరుపడిన ఆ వ్యాజ్యంలో 1954లో సుప్రీంకోర్టు ఆయన పక్షాన తీర్పు చెప్పింది. ఎంత పొడుగు చిత్రం, ఎంతసేపు వెయ్యాలో గరిష్ఠ పరిమితి అంటూ లేకుండా ప్రభుత్వం ఇష్టానికి వదిలేసే షరతు సమంజసం కాదన్నది. హద్దు లేకపోతే ఆట మొత్తం ప్రభుత్వ చిత్రమే అయినా అడిగే దిక్కుండదు గదా!

మళ్లీ 1999లో, మోషన్ పిక్చర్ అసోసియేషన్ కేసులో, అదే సుప్రీంకోర్టు విధిగా చిత్రాలు వేయించే నిబంధనను సమర్థించింది. ప్రజలకు సమాచారం అందించి, ఆలోచించి నిర్ణయించుకునే శక్తిని పెంచేదైతే అది వాక్ స్వాతంత్ర్యానికి విరుద్ధం కాదన్నది. ఒక పక్షపు ప్రచారాన్నో, వక్రీకరించిన అభిప్రాయాన్నో మోయమని బలవంతపెడితే మాత్రం అది వేరే సంగతి అవుతుందని కూడా హెచ్చరించింది.

గమనించండి, ఈ రెండు కేసులూ చూపించేవాడి హక్కుల చుట్టూ తిరిగినవే. కుర్చీలో కూర్చున్నవాడి తరఫున మాట ముఖ్యంగా లౌడ్ స్పీకర్ల కేసుల్లో వినిపించింది. మాట్లాడే హక్కులో మౌనంగా ఉండే హక్కూ, వినకుండా ఉండే హక్కూ ఇమిడి ఉన్నాయని కేరళ హైకోర్టు చెప్పింది. ఇష్టం లేనివాణ్ణి బందీని చేసి వినిపించే హక్కు ఎవరికీ లేదని 2005లో శబ్ద కాలుష్యం కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. చెవికి వర్తించే న్యాయం కంటికి ఎందుకు వర్తించకూడదు?

ఫిలిమ్స్ డివిజన్ 2022లో జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో కలిసిపోయింది. న్యూస్ రీలు వెళ్లిపోయింది గాని ఆ ఖాళీలోకి వ్యాపార ప్రకటన వచ్చి కూర్చుంది. టికెట్టు మీద వేసిన వేళకు సినిమా మొదలుకాక ఇరవై అయిదు నిమిషాలు ప్రకటనలు చూడాల్సి వచ్చిందని బెంగళూరులో ఒక ప్రేక్షకుడు వినియోగదారుల కమిషనుకెక్కాడు. 2025లో కమిషను ఆయనకు నష్టపరిహారం ఇమ్మన్నది. తర్వాత హైకోర్టు ఆ ఉత్తర్వుపై స్టే ఇచ్చింది. ఆనాటి ఇరవై రెండు నిమిషాలూ ఈనాటి ఇరవై అయిదు నిమిషాలూ ఇంత దగ్గరగా రావడం కాకతాళీయమే కావచ్చు. కాని తేడా చూడండి: అప్పుడు దేశం కోసం అన్నారు, ఇప్పుడు ఆ మాట కూడా అనడం లేదు!

కదిలే బస్సులో కదలని మనిషి

1980లలో వీడియో కోచ్‌లు వచ్చాయి. డ్రైవరు వెనకాల ఒక టీవీ, ఒక వీసీఆర్. రాత్రి ప్రయాణంలో ఉచితంగా సినిమా అంటే మొదట్లో అందరికీ సంబరమే. కాని వయసు మళ్లినవారూ, పసిపిల్ల తల్లీ, తెల్లవారితే ఇంటర్వ్యూకు వెళ్లవలసిన నిరుద్యోగీ ఏం చేస్తారు? కళ్లు మూసుకోగలరు గాని చెవులు మూసుకోలేరు. హాల్లో నచ్చకపోతే లేచి రావచ్చు. బస్సులో లేచి ఎక్కడికి పోతారు? ఫైటింగుల మోత మధ్య నిద్ర పట్టక, దిగలేక, కక్కలేక మింగలేక తెల్లవార్లూ కూర్చోవడమే. సౌండు తగ్గించమని ఒక్కడు లేచి అడిగితే, పదిమంది సరదాను పాడుచేసేవాడని చూస్తారు.

సరిగ్గా ఇటువంటి వివాదమే అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో ట్రాముల్లోనూ బస్సుల్లోనూ వచ్చింది. అక్కడ సినిమా కాదు, రేడియో. పాటలు, ప్రకటనలు వినలేక కొందరు ప్రయాణికులు కోర్టుకెక్కారు. 1952లో అక్కడి సుప్రీంకోర్టు కంపెనీ పక్షమే వహించింది. జస్టిస్ డగ్లస్ మాత్రం, మనిషిని తన మానాన తనను వదిలేయడమే స్వేచ్ఛకు మొదటి మెట్టన్న దృష్టితో భిన్న తీర్పు రాశారు. ఇంకో న్యాయమూర్తి ఫ్రాంక్‌ఫర్టర్ కేసు విచారణ నుంచే తప్పుకున్నారు. కారణం, ఆ రేడియో బాధితుల్లో తానూ ఒకణ్ణి కావడం, దానిమీద తనకు ఎంత చిరాకంటే నిష్పక్షపాతంగా ఉండటం కష్టం కావడం!

నేడు వీడియో కోచ్ పాతబడింది. దాని స్థానంలో ఇయర్‌ఫోన్ లేకుండా ఫోనులో సినిమా పెట్టేవాడు వచ్చాడు. ఒక టీవీ పోయి బస్సుకు పది టీవీలయ్యాయి.

డబ్బులు పెట్టాం గదా

చట్టమూ లేదు, బస్సూ లేదు, తలుపు బార్లా తీసి ఉంది. అయినా లేవం. ఎందుకు? "డబ్బులు పెట్టాం గదా!" ఇక్కడ బలవంతపెట్టేవాడు మనలోనే ఉన్నాడు.

ఈ బుద్ధిని మనస్తత్వ శాస్త్రజ్ఞులు పరీక్షించి చూశారు. ఆర్క్స్, బ్లూమర్ అనే ఇద్దరు 1985లో ప్రకటించిన ఒక ప్రయోగంలో, అమెరికాలోని ఒహాయో యూనివర్సిటీ నాటకశాలకు సీజను టికెట్లు కొన్నవారిలో కొందరికి పూర్తి ధరకూ, కొందరికి తగ్గింపు ధరకూ ఇచ్చారు. ఎవరికి తగ్గింపు అన్నది వంతు ప్రకారం పడిందే గాని నాటకాల మీద ఇష్టాన్నిబట్టి కాదు. అయినా సీజను మొదటి సగంలో పూర్తి ధర చెల్లించినవారే ఎక్కువ నాటకాలకు హాజరయ్యారు. పోయిన డబ్బు ఎలాగూ తిరిగి రాదు. నచ్చని సినిమాకు కూర్చుంటే డబ్బుతోపాటు మూడు గంటల కాలమూ పోతుంది. లెక్కల విద్యార్థికి ఇది చిన్న తీసివేత. కాని హాల్లో ఎవరూ తీసివేతలు చెయ్యరు.

ఇంటి సంగతి ఇంకా సున్నితం. చుట్టాలొస్తే సినిమా, పండగొస్తే సినిమా. ఏ సినిమాకని ఇంట్లో అందరినీ అడుగుతారా? అడగవలసిన వాళ్లను అడుగుతారు. కొత్త కోడలికి ఆ సినిమా నచ్చిందా అని ఎవరికీ తట్టదు. చీకట్లో భయపడి ఏడ్చే పిల్లవాణ్ణి "నోర్ముయ్, అందరూ చూస్తున్నారు" అని గద్దిస్తారు. వాళ్లను సినిమాకు తీసుకెళ్లాం అన్న తృప్తి తీసుకెళ్లినవాళ్లకు మిగులుతుంది. అది ప్రేమే, కాదనం. కాని అడగని ప్రేమ.

మన ఆడిటోరియం తలుపు

ఇప్పుడు మన గుమ్మంలోకి వద్దాం. కాలేజీల్లో, హాస్టళ్లలో సినిమాలు వేసేది సాధారణంగా విద్యార్థి సంఘాలో, శాఖలో, ఏదో ఒక దినోత్సవ కమిటీయో. ఎక్కువమంది చేతులెత్తిన సినిమా వేస్తారు. అది ప్రజాస్వామ్యమే. కాని ఏ సినిమా వెయ్యాలో ఓటు తేల్చగలదు గాని, ఎవరు చూసి తీరాలో తేల్చలేదు. తలుపులు మూసి, చివర్లో హాజరు తీసుకునే ఆటలకు ఈ తేడా పట్టదు.

దీనిలో నష్టం విసుగు ఒక్కటే అయితే ఇంత రాయనక్కర లేదు. మన హాస్య చిత్రాల్లో నత్తివాడి మాట, నల్లపిల్ల రంగు, లావుపాటి మనిషి నడక, హిజ్రా చప్పట్లు ఎన్నేళ్లుగా నవ్వుల సరుకయ్యాయో మనకు తెలుసు. హాల్లో మూడు వందల మంది ఉంటే వారిలో ఒకడికి నిజంగానే నత్తి ఉండవచ్చు. తెరమీద నత్తికి హాలంతా గొల్లుమన్నప్పుడు అతను ఎటు చూడాలి? లేచి వెళ్తే అందరి కళ్లూ అతనిమీదే. కూర్చుంటే తనను చూసి నవ్వే నవ్వులో తనూ పాలు పంచుకోవాలి. మర్నాటి నుంచి క్లాసులో చెయ్యెత్తి ప్రశ్న అడగడానికి అతను ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాడు. ఇక్కడ పణంగా ఉన్నది ఒక సాయంత్రం కాదు, ఒక మనిషి గొంతు.

"పాఠం కూడా బలవంతమే గదా" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కాని పాఠం మధ్యలో చెయ్యెత్తవచ్చు, మాస్టారు మన మొహం చూసి ఆగుతారు. సినిమా ఎవరి మొహమూ చూడదు, ఎవరికోసమూ ఆగదు. అందుకే పాఠ్యాంశంగా చూపే సినిమాకైనా ముందు నాలుగు మాటలు, తర్వాత చర్చ ఉండాలి. "నాకు నచ్చలేదు, ఎందుకంటే..." అన్న వాక్యానికి చోటు దొరికితే బలవంతంలో సగం అక్కడే కరిగిపోతుంది.

కమిటీలకు చేసే సూచనలు నాలుగే. ఏ సినిమా, ఎంత నిడివి, అందులో ఏముందో ముందుగా నోటీసు బోర్డులో పెట్టండి. తలుపు దగ్గర వరుసలు ఖాళీగా ఉంచి, వెళ్లేవాడు నలుగురిని దాటకుండా వెళ్లేలా చూడండి. హాజరును సినిమాతో ముడిపెట్టకండి. అయ్యాక పావుగంట మాట్లాడనివ్వండి.

తలుపు తీసి ఉంచితే ఎవరూ మిగలరని కొందరి భయం. ఎవరూ మిగలకపోతే ఆ సంగతి తెలుసుకోవలసింది సినిమా ఎంచినవాడే. పదిమంది మిగిలితే ఆ పదిమందీ చూడటానికి ఉన్నవాళ్లు. తాళం వేసిన హాల్లో మూడు వందల మంది ఉన్నారంటే, వాళ్లలో ప్రేక్షకులెందరో లెక్క చెప్పడం ఎవరి తరమూ కాదు.