లెక్కకు ముందు ప్రశ్న

ఉపాధ్యాయ వృత్తిలో ప్రవేశించువారు బోధనపద్ధతులు శ్రద్ధతో నేర్చుకొందురు గాని పరిశోధనపద్ధతులతో తమకు పనిలేదని తలంచుదురు. పరిశోధన యనగా విశ్వవిద్యాలయములలో పట్టముకొరకు చేయునదని వాడుక. మా అభిప్రాయము వేరు. వైద్యుడు గాని, వ్యవసాయాధికారి గాని, బడిపంతులు గాని తన పనిలో గలిగిన సందేహమును స్పష్టముగ అడిగి, క్రమముగ లెక్కించి, వచ్చిన జవాబునుబట్టి పనిని సవరించుకొనుటయే పరిశోధన.

మనవంటి అల్పసంఖ్యాక భాషల పాఠశాలలకు ఇది మరింత అవసరము. బడి మొత్తములో 40 మందియో, ఒక తరగతిలో 10 మందియో ఒక భాష మాట్లాడు పిల్లలున్నచో వారికి ప్రాథమిక విద్య ఆ భాషలో నేర్పు ఉపాధ్యాయుని నియమింపవలెనని 1949లో విద్యామంత్రుల సమావేశము తీర్మానించెను. 1956లో రాజ్యాంగమున 350-ఎ అధికరణము చేరినది. తొమ్మిదికిని పదికిని నడుమనున్న భేదముమీద మనకొక తరగతి బ్రతుకు ఆధారపడియుండును.

ఒక బడిలో తెలుగు ఒకటవ తరగతిలో చేరువారు ఏటేట తగ్గుచున్నారనుకొందము. కారణము చెప్పుటకు ప్రతివారును సిద్ధమే! అయితే ‘తెలుగు పిల్లలు తగ్గిరా?’ యనుదానిలో మూడు ప్రశ్నలు దాగియున్నవి. ఆ ప్రాంతమున తెలుగు ఇండ్లే తగ్గినవా? ఇండ్లుండియు పిల్లలు వేరు బడులకు పోవుచున్నారా? చేరి, నడుమ మానుచున్నారా? మొదటిదానికి ఇంటింటి లెక్కయు, రెండవదానికి ఇతర పాఠశాలల ప్రవేశపు లెక్కలును, మూడవదానికి మన హాజరుపట్టీలును ఆధారములు. బదిలీ పత్రములు కూడ పనికివచ్చును గాని, అందు కారణపు గడిలో ‘స్వంత కారణములు’ అని వ్రాయు అలవాటున్నంతవరకు వానివలన తెలియునది స్వల్పము.

పిమ్మట ‘తెలుగు పిల్లవాడు’ ఎవడో నిర్ణయింపవలెను. బాల్యమున తల్లి బిడ్డతో మాట్లాడిన భాషయే జనాభా లెక్కలలో మాతృభాష. 2011 లెక్కలలో కర్ణాటకమున తెలుగు చెప్పినవారు 35 లక్షలకు పైబడిరి. వారిలో తెలుగు చదువగలవారెందరో ఆ సంఖ్య చెప్పదు. ఆ లెక్కలో అడిగిన ప్రశ్న అది కాదు.

ఎవరిని అడుగవలెను? వార్షికోత్సవమునకు వచ్చిన తలిదండ్రులనడుగుట సులభము. కాని బిడ్డను మాన్పించినవారు ఆ సభకు రారు. అందుచేత వీథిలోని ఇండ్లన్నిటికిని సంఖ్యలు వేసి, చీట్లు తీసి, వచ్చిన ఇండ్లకే పోవలెను. తలుపు వేసియున్నదని ప్రక్క యింటిలో అడిగి వచ్చుట తగదు.

ఇట్టి నమూనా పద్ధతిని మన దేశమున పెంపొందించినవారిలో ముఖ్యులు ప్రశాంతచంద్ర మహలనోబిస్. వారు 1931లో కలకత్తాలో భారత గణాంక సంస్థను స్థాపించిరి. వంగదేశపు జనుము పంటను నమూనాలతో అంచనా వేయించిరి. పంటకోత పరీక్షలలో ఒక వింత బయల్పడెను. కోసి తూచుటకు గుర్తించిన మడి మిక్కిలి చిన్నదైనచో దిగుబడి ఉన్నదానికంటె హెచ్చుగ కనబడును. అంచుననున్న మొక్క లోపలిదో వెలుపలిదో సందేహము గలిగినపుడు కోయువాడు దానిని లోపలికే చేర్చుకొనుట ఇందుకొక కారణము. జూన్‌లో పేరు వ్రాయించుకొని ఆగస్టునాటికి రాని పిల్లవానిని మన పట్టీలు ఎటు చేర్చుకొనుచున్నవో చూడుడు.

ఆ సంస్థలోనే 1941లో చేరిన కల్యంపూడి రాధాకృష్ణరావుగారు లోకప్రసిద్ధులైన గణాంక శాస్త్రవేత్తలు. వారు 1920లో కన్నడ సీమలోని హడగలిలో తెలుగు కుటుంబమున జన్మించిరని మన పిల్లలకు తప్పక చెప్పవలెను.

ఇక విశ్లేషణ. ఐదుగురు పిల్లల ఇండ్లు బడికి 1, 1, 2, 2, 14 కిలోమీటర్ల దూరమున నున్నవనుకొందము. సగటు 4. కాని 4 కిలోమీటర్లనుండి వచ్చువాడొకడును లేడు. వరుసలో నడుమనున్న సంఖ్యయగు 2 ఇచ్చట సత్యమునకు దగ్గర.

అంతకంటె చిక్కైనది కారణ నిర్ణయము. ఊహకొరకు, దూరపు పిల్లలు 20 మందిలో 8 మందియు, దగ్గరివారు 20 మందిలో 3 మందియు తరచు బడి మానుచున్నారనుకొందము. దూరమే కారణమనిపించును. పట్టికను మరల విడదీయుదము. దూరపువారిలో 12 మంది వలస కూలీల బిడ్డలు. వారిలో 7 మంది మానిరి. మిగిలిన 8 మందిలో ఒక్కడే. దగ్గరివారిలో కూలీల బిడ్డలు నలుగురు, మానినవారిద్దరు. తక్కిన 16 మందిలో ఒక్కడు. ఇట్లు చూచిన పిదప దూరముకంటె వలసయే గట్టి కారణమని తోచును. ఇంత చిన్న సంఖ్యలతో తీర్పు చెప్పరాదు గాని, బండి ఏర్పాటు చేయుటకు ముందు ఈ పట్టిక వేసి చూచుట మేలు.

రానున్న సంవత్సరమున మా పై తరగతి విద్యార్థులచేత ఇట్టి ఇంటింటి విచారణ చేయింపదలచితిమి. ప్రశ్నలు ఆరు మాత్రమే. తొలుత పది యిండ్లలో అడిగి, అర్థముకాని ప్రశ్నలను తిరుగ వ్రాసెదము. పత్రమును తెలుగునను కన్నడమునను ముద్రించెదము. ఇంట తెలుగు మాటలాడుచు కన్నడము మాత్రమే చదువగల తల్లులు మా వీథులలో పెక్కండ్రున్నారు.