బస్తర్‌లో పెరటి కోళ్ల గూడు: నిర్మాణ వ్యయం – అవగాహన

నేపథ్యం

ఛత్తీస్‌గఢ్ దక్షిణ భాగంలోని బస్తర్ డివిజన్‌లో 7 జిల్లాలు ఉన్నాయి: బస్తర్, కొండగావ్, కాంకేర్, నారాయణపూర్, దంతెవాడ, బీజాపూర్, సుక్మా. కేంద్రం జగదల్‌పూర్. ఇక్కడి గోండు, మురియా, హల్బా, దొర్ల కుటుంబాలకు కోడి అంటే ఆహారం, దేవతకు మొక్కు, వారపు సంతలో చేతికందే నగదు. 2019 నాటి 20వ పశుగణన ప్రకారం దేశంలోని కోళ్లు, ఇతర పెంపుడు పక్షులు 85.18 కోట్లు. వీటిలో పెరటి పక్షులు 31.70 కోట్లు. 2012తో పోలిస్తే పెరటి విభాగం వృద్ధి 45.8 శాతం.

నిర్వచనం

పగలు ఆరుబయట మేత ఏరుకుని, రాత్రి మాత్రమే గూడు చేరే కోళ్లను స్వల్ప పెట్టుబడితో పెంచడమే పెరటి కోళ్ల పెంపకం. అందువల్ల ఇక్కడ గూడు రాత్రి ఆశ్రయం మాత్రమే. పక్షికి సుమారు 1 చదరపు అడుగు చొప్పున 20 కోళ్లకు 5 × 4 అడుగుల గూడు సరిపోతుంది.

వ్యయ వర్గీకరణ

గూడు ఖర్చు స్థిర వ్యయం. కోడిపిల్లలు, మేత, టీకాల ఖర్చు చర వ్యయం. స్థిర వ్యయాన్ని మళ్లీ నగదు వ్యయం, ఆపాదిత వ్యయం అని విభజించాలి. ఇనుప జాలి, మేకులు, గడియ కొనక తప్పదు కనుక అవి నగదు వ్యయం. వెదురు, తడక, పాత పెంకులు, కుటుంబ శ్రమ కొనకుండానే సమకూరుతాయి కనుక వాటికి కట్టే విలువ ఆపాదిత వ్యయం. బస్తర్‌లో గూడు చౌక కావడానికి ప్రధాన కారణం ఈ రెండో భాగమే. వెదురు సేకరణకు చట్టం కూడా వీలిచ్చింది: 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తిగా గుర్తించింది. 2017 సవరణతో అటవీయేతర భూమిలో పెరిగే వెదురు భారత అటవీ చట్టంలోని ‘చెట్టు’ నిర్వచనం నుంచి తొలగింది. అయితే చేతి నుంచి డబ్బు పోలేదు కాబట్టి ఖర్చు సున్నా అని రాయడం తప్పు; ఇంటివారి శ్రమకూ విలువ కట్టాలి. రెడీమేడ్ బోను కొంటే దాని ధరకు రవాణా ఖర్చు కూడా కలుస్తుంది.

నిర్మాణ లక్షణాలు

పొడవు తూర్పు–పడమరలుగా ఉండాలి. నేలకు ఎత్తుగా గుంజలపై కట్టిన గూటికి వాన తేమ, పాముల బెడద తగ్గుతాయి. నేలపై కట్టితే లోపల వరి ఊక పరవాలి. ముంగిస, అడవి పిల్లి తిరిగే ఊళ్లలో జాలి, గడియ దగ్గర పొదుపు చేయకూడదు. ఒక్క రాత్రి నష్టం గూడు ఖర్చును మించిపోవచ్చు. గూడు ఎంత పటిష్ఠంగా ఉన్నా కొక్కెర తెగులును ఆపలేదు. దానికి టీకాయే మార్గం.

జాతులు

అసీల్ స్వస్థలాలు ఛత్తీస్‌గఢ్, ఒడిశా, ఆంధ్రప్రదేశ్. దీని పుంజులు పోట్లాడుకుంటాయి కనుక విడి గూళ్లు అవసరమై ఖర్చు పెరుగుతుంది. వనరాజా, గ్రామప్రియ హైదరాబాద్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించినవి. దంతెవాడలోనూ కడక్‌నాథ్ పెంపకం ఉంది. 2018లో భౌగోళిక గుర్తింపు మాత్రం మధ్యప్రదేశ్‌లోని ఝాబువాకు దక్కింది.

ప్రభుత్వ సహాయం

2014–15లో ప్రారంభమైన జాతీయ పశుసంపద మిషన్ కింద, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న కుటుంబానికి 45 పిల్లలకు ఒక్కోదానికి రూ.50 చొప్పున రూ.2,250, గూడు తదితరాలకు రూ.1,500, మొత్తం రూ.3,750గా లెక్క కట్టారు. అంటే గూటి పద్దు వాటా 40 శాతం. 2005 ఉపాధి హామీ చట్టం ప్రథమ షెడ్యూలులోని అనుమతించిన పనుల్లో కోళ్ల షెడ్డును కూడా చేర్చారు.

2021–22లో సవరించిన మిషన్‌లోని 50 శాతం మూలధన రాయితీ, గరిష్ఠంగా రూ.25 లక్షలు, మాతృకోళ్ల ఫారం, హ్యాచరీ, పిల్లల పెంపక యూనిట్ కలిసిన సంస్థకు వర్తిస్తుంది. దీన్ని ఇంటి పెరటి గూటికిచ్చే రాయితీగా భావించడం తప్పు.