ఇంటి బైబిలులోని ఉపదేశి

పాఠ్యభాగము: 2 తిమోతి 1:5

పౌలు తిమోతి విశ్వాసమును గూర్చి వ్రాయుచు అతని అవ్వ లోయిని, తల్లి యునీకేను పేరుపెట్టి తలంచెను. ఇంటి జ్ఞాపకములు అపొస్తలునికి అల్పములు కావు.

1843లో మచిలీపట్టణమున బడి తెరచిన రాబర్టు నోబుల్ దొరగారిని మనము దగ్గరగా ఎరుగుటయు ఇంటివారి వలననే. 1841లో వచ్చిన ఆయన మరల స్వదేశము చూడక, 1865లో అక్కడనే ప్రభువునందు నిద్రించెను. 1867లో సహోదరుడు జాన్ నోబుల్ గారు ఆయన జీవితచరిత్రను అచ్చువేయించిరి. 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మము పొందగా బడి ఖాళీయాయెను. ఆయన మాత్రము కదలలేదు.

అయితే ఒక మాట మేము దాచము. ఆ బడి అగ్రకులములవారి కొరకైనది. మన తాతలకు అందులో చోటు లేదు. వారిచేత అక్షరములు దిద్దించినవారు తాటాకు పాకలలోని మన ఉపదేశులే. వారి చరిత్రను అచ్చువేయించిన సహోదరుడు లేడు. వారి పుట్టుక, బాప్తిస్మము, పెండ్లి, మరణము ఏ యింటి బైబిలు మొదటి పుటలోనో ఉండును.

తణుకు ప్రాంతపు సంఘస్థులారా, అట్టి బైబిళ్లను ఆదివారము తీసికొని రండి. చెదలు తినకమునుపు సంఘపు రిజిష్టరుతో సరిచూచి నకలు వ్రాసికొందము. సిరా వెలిసినచోట మన అవ్వలను అడుగుదము.