ఖనిజ లవణాలు – గాలికుంటు వ్యాధి

కలకడ ప్రాంతపు సంఘాల తనిఖీకి వెళ్లినప్పుడు సభ్యులు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటున్నది. "ఖనిజ లవణ మిశ్రమం పెడుతున్నాం కదా, గాలికుంటు టీకా ఇంకా ఎందుకు?" అని. రెండూ కావాలి. కారణం చెబుతాము.

గాలికుంటు వైరస్ వల్ల వచ్చే వ్యాధి. ఖనిజ లవణాలు వైరస్‌ను చంపే మందు కావు. అయితే వైరస్‌తో పోరాడే తెల్ల రక్తకణాలు వృద్ధి చెందడానికి జింకు అవసరం. ఆ పోరాటంలో శరీర కణాలు దెబ్బతినకుండా కాపాడే పనిలో రాగికి, సెలీనియంకు పాత్ర ఉన్నది. ఇవి లోపించిన పశువుకు టీకా వేసినా తగినంత రక్షణ కలగకపోవచ్చు.

వరిగడ్డిలో జింకు, రాగి తక్కువ. ఆవు ఇచ్చే ప్రతి లీటరు పాలలో సుమారు 4 మిల్లీగ్రాముల జింకు బయటికి పోతుంది. వట్టి ఉప్పు పెట్టినంత మాత్రాన ఈ లోటు తీరదు.

సభ్యులు పాటించవలసినవి:

1. నాలుగు నెలలు నిండిన దూడలకు తొలి టీకా, నెల తర్వాత రెండవది, ఆపై 6 నెలలకొకసారి వేయించాలి. చూడి పశువుల విషయం పశువైద్యుని అడగాలి.

2. మిశ్రమాన్ని సంచిపై ఉన్న మోతాదు ప్రకారం రోజూ దాణాలో కలపాలి. మోతాదు మించరాదు.

3. ఆవుల మిశ్రమం గొర్రెలకు పెట్టరాదు. అందులోని రాగి వాటి కాలేయంలో పేరుకొని ప్రాణం తీయవచ్చు.

4. నోట చొంగ, గిట్టల మధ్య పుండ్లు కనిపించిన పశువును వెంటనే వేరుగా కట్టి, పశువైద్యునికి తెలపాలి.

టీకా వేయించిన తేదీని మరువక వ్రాసి ఉంచుకొనవలెను.